మా పాత ఎఫ్-150కి మూడో పెడల్ పెట్టాం

ఆటోమేటిక్ పికప్‌ని మాన్యువల్ చేయడం గురించి మాట్లాడితే అందరూ ముందు అడిగేది ఒకటే, ఏ గేర్‌బాక్స్ సరిపోద్ది అని. నా లెక్కలో అది అంత పెద్ద ప్రశ్న కాదు. గేర్‌బాక్స్ బరువుగా ఉంటది, ఎత్తడం కష్టం, అంతే, ఇంజను వెనకాల బోల్టులు పట్టేస్తే వచ్చి కూర్చుంటది. అసలు పనంతా మీ ఎడమ కాలికీ ఆ గేర్‌బాక్స్‌కీ మధ్యన ఉంటది, పెడల్, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్‌ని నెట్టేది), గొట్టం, స్లేవ్ సిలిండర్ (ఆ ఫ్లూయిడ్ బలంతో క్లచ్‌ని విడిపించేది), క్లచ్, ఫ్లైవీల్ (ఇంజను వెనక తిరిగే బరువు చక్రం, క్లచ్ దానికే పట్టుకుంటది), పైలట్ బేరింగ్, ఇవన్నీ అయ్యాక ఇంజను కంప్యూటర్‌కి "నీ ఆటోమేటిక్ ఇక లేదు" అని అర్థమయ్యేలా చేయడం. ఈ చిన్న సామాన్లే పని ఆపేస్తాయి. గేర్‌బాక్స్ దొరికిన సంతోషంలో బండి విప్పేసి, తర్వాత ఒక్క బ్రాకెట్ దొరక్క నెలల తరబడి స్టాండ్ల మీదే వదిలేసిన బళ్లు నేను చూశా. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నా.

మా బండి 1994 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, టూ వీల్ డ్రైవ్, 4.9 లీటర్ల ఇన్‌లైన్ సిక్స్. 300 సిక్స్ (300 క్యూబిక్ అంగుళాలు, అంటే ఈ 4.9 లీటర్లే) అంటే ఫోర్డ్ ట్రక్కులు తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, 1965 నుంచి 1996 దాకా చేశారు దాన్ని. ఏడు మెయిన్ బేరింగులు, టైమింగ్‌కి చైనూ లేదు బెల్టూ లేదు, గేర్లే. హార్స్‌పవర్ చూస్తే 150 దగ్గర, ఇవాళ కొన్ని చిన్న కార్లు కూడా అంత ఇస్తాయి, కానీ టార్క్ 260 పౌండ్-ఫుట్ దాకా ఉంటది, అదీ 2000 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తది. అంటే ఈ ఇంజను పరిగెత్తేది కాదు, లాగేది. కింద ఆర్‌పీఎంలో వదిలేస్తే బ్రహ్మాండంగా లాగుద్ది. ఇలాంటి ఇంజను వెనకాల ఈ4ఓడీ అనే ఫోర్డ్ నాలుగు గేర్ల ఆటోమేటిక్ ఉంటే అది కొంచెం ఎత్తు రోడ్డు వచ్చినా ఓవర్‌డ్రైవ్‌లోంచి (అన్నిటికంటే పై గేరు) కిందకి దిగి ఇంజను అరిచేలా చేస్తది, మళ్లీ పైకి వేస్తది, మళ్లీ దిగుద్ది. ఇంజన్‌కి ఆ గోల అవసరమే లేదు, అదే గేర్లో ఉంచి కాస్త యాక్సిలరేటర్ ఇస్తే చాలు ఎక్కేస్తది. ఆ నిర్ణయం గేర్‌బాక్స్‌ది కాకుండా నాది కావాలి, నేను ఈ పని పెట్టుకున్నది అందుకే.

మామ అని పిల్చుకునే ఫ్రెండ్ ఒకడున్నాడు, వెల్డింగ్ దగ్గర్నుంచి వైరింగ్ దాకా అన్నీ వచ్చు. వాడు మొదట్లో "ఎందుకు మామా, ఆ ఆటోమేటిక్‌నే ఓవరాలింగ్ చేయించుకుంటే హాయిగా తిరగొచ్చు కదా" అన్నాడు. వాడన్నదాంట్లో నిజం ఉంది, ఎందుకంటే లెక్క వేస్తే ఆటోమేటిక్ అంత తీసిపారేసేది కాదు. ఈ4ఓడీ రేషియోలు (వెనక షాఫ్ట్ ఒకసారి తిరగడానికి ఇంజను ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క) 2.71, 1.54, 1.00, 0.71. నేను పెట్టిన ఎం5ఓడీ-ఆర్2 మాన్యువల్ గేర్‌బాక్స్ రేషియోలు 3.90, 2.25, 1.49, 1.00, 0.80. వెనక యాక్సిల్ 3.55 (తలుపు పక్క స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ 19 అని ఉంటే అదే). మొదటి గేర్లో మాన్యువల్‌కి మొత్తం రేషియో 13.8 వస్తది, ఆటోమేటిక్‌కి 9.6. చూడగానే మాన్యువల్ బలంగా అనిపిస్తది కదా, కానీ ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్‌తో పనిచేసేది) ఉంది, బండి కదిలే క్షణంలో అది టార్క్‌ని దాదాపు రెట్టింపు దాకా చేస్తది. అంటే ఆగిన చోటు నుంచి బరువుతో కదలాలంటే ఆటోమేటిక్‌దే పైచేయి, మాన్యువల్లో ఆ పని క్లచ్ ప్లేట్ అరిగి చేయాలి. పెద్ద ట్రైలర్ కట్టుకుని ట్రాఫిక్‌లో ఆగుతూ పోతూ తిరిగేవాళ్లకి నేను ఈ పని చేయమని చెప్పను. హైవే మీద కూడా తేడా ఉంది, 235/75ఆర్15 టైర్లతో గంటకి 65 మైళ్ల దగ్గర ఆటోమేటిక్ లాకప్‌లో (కన్వర్టర్ జారకుండా పట్టేసినప్పుడు) 1900 ఆర్‌పీఎం చుట్టూ తిరిగితే ఐదో గేర్లో 2150 దాకా తిరుగుద్ది. ఈ ఇంజన్‌కి టార్క్ ఉండేది సరిగ్గా అక్కడే కాబట్టి నాకు అది ఇంకా మంచిదే. కానీ యాక్సిల్ 4.10 ఉన్నవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోండి, శబ్దం బాగానే పెరుగుద్ది. 3.08 ఉన్నవాళ్లకి దీనికి సరిగ్గా ఉల్టా సమస్య, కదిలేటప్పుడు సగం క్లచ్ మీద ఎక్కువసేపు ఉండాల్సొస్తది.

గేర్‌బాక్స్ విషయానికొస్తే ఈ ఇంజన్‌కి తేలిగ్గా కుదిరేవి రెండు. ఒకటి నేను పెట్టిన ఎం5ఓడీ-ఆర్2, మాజ్డా డిజైన్, అల్యూమినియం కేసు, బెల్‌హౌసింగ్ (క్లచ్‌ని కప్పే గంట ఆకారం భాగం) కేసుతోపాటే పోత పోసి ఉంటది, విడిగా రాదు. 300 సిక్స్‌కీ 5.0, 5.8 వీ8లకీ వెనక బోల్టుల ప్యాటర్న్ ఒకటే కాబట్టి 5.0 బండిలోది కూడా వీటికి కూర్చుంటది. రెండోది జెడ్‌ఎఫ్ ఎస్5-42, ఎఫ్-250, ఎఫ్-350ల్లో వచ్చింది, వైడ్ రేషియో రకంలో మొదటి గేరు 5.72, అంటే ఖాళీ బండికి మొదటి గేరు అక్కర్లేదు, రెండులోనే కదలొచ్చు. బరువులు మోసేవాళ్లు కళ్లు మూసుకుని జెడ్‌ఎఫ్‌కి వెళ్లండి. నా బండి ఎక్కువ ఖాళీగానో, కొంచెం సామానుతోనో తిరుగుద్ది కాబట్టి ఎం5ఓడీ చాలు, గేర్ పడటం కూడా దాంట్లో మెత్తగా ఉంటది.

ఇప్పుడు అసలు మాట. గేర్‌బాక్స్ ఒకచోట, పెడల్ ఒకచోట కొనకండి, వీలైనంతవరకు ఒకే ఇంజను, దగ్గర దగ్గర సంవత్సరాల మాన్యువల్ బండిని మొత్తంగా పట్టుకోండి, తుక్కులోకి పోయిన బండైనా పర్లేదు, దీన్నే డోనర్ బండి అంటాం. దాంట్లోంచి మీరు తీసుకోవాల్సినవి గేర్‌బాక్సు, గేర్ రాడ్డు, దాని కింద రబ్బరు బూటు, ఆ బూటు పట్టుకునే ప్లేటు, ఫ్లైవీలు, ఫ్లైవీల్ బోల్టులు, ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో ఉండే రేకు ప్లేటు, సెల్ఫ్ మోటార్, గేర్‌బాక్స్ మౌంటు, క్రాస్‌మెంబర్ (గేర్‌బాక్స్‌ని కిందనుంచి మోసే అడ్డ పట్టీ), ప్రొపెల్లర్ షాఫ్ట్, పెడల్ సెట్టు బ్రాకెట్‌తో సహా, క్లచ్ స్విచ్, మాస్టర్ సిలిండర్, రిజర్వాయరు, గొట్టం, రివర్స్ లైట్ స్విచ్, దాని కనెక్టర్ వైరు కొంచెం పొడుగ్గా కోసి, ఇంకా ఇంజన్ కంప్యూటర్. కంప్యూటర్ మర్చిపోకండి. విప్పేటప్పుడు ప్రతి బోల్టుని దాని బ్రాకెట్‌కే తగిలించి ఉంచుకోండి, మేము అలానే చేశాం, బిగించేటప్పుడు ఆ ఒక్క పని వల్ల ఎంత సుఖపడ్డామో చెప్పలేను.

పాతది దింపడం గురించి ఎక్కువ రాయను, ఏ గేర్‌బాక్స్ దింపినా ఇదే వరస. బ్యాటరీ తీసేయడం, ఆయిల్ దింపడం, ప్రొపెల్లర్ షాఫ్ట్, కూలర్ పైపులు, సొలెనాయిడ్ (కరెంటుతో గేర్లు మార్చే వాల్వులు) కనెక్టర్, లీవర్ పొజిషన్ సెన్సార్ కనెక్టర్, షిఫ్ట్ లింకేజి, ఫ్లెక్స్‌ప్లేట్‌కి (ఆటోమేటిక్‌లో ఫ్లైవీల్ బదులు ఉండేది) కన్వర్టర్ పట్టుకున్న నట్లు, తర్వాత బెల్‌హౌసింగ్ బోల్టులు. ఈ4ఓడీ చాలా బరువు, మామూలు జాకీ మీద అస్సలు నమ్మకం పెట్టుకోవద్దు, గేర్‌బాక్స్ జాకీ అద్దెకైనా తెచ్చుకుని గొలుసుతో కట్టి దింపండి. కన్వర్టర్ని గేర్‌బాక్స్‌తోపాటే వెనక్కి రానివ్వాలి, ఇంజను వైపు ఉండిపోతే తర్వాత దబ్బున కింద పడుద్ది. గేర్‌బాక్స్ తీసేశాక ఇంజను వెనక భాగం కిందకి వాలుద్ది, దానికి ఆసరా ముందే పెట్టుకోవాలి.

ఫ్లెక్స్‌ప్లేట్ ఊడదీశాక క్రాంక్ షాఫ్ట్ వెనక చివర మధ్యలో రంధ్రం కనిపిస్తది. ఆటోమేటిక్‌లో కన్వర్టర్ ముక్కు అక్కడ కూర్చుంటది, మాన్యువల్లో అక్కడ పైలట్ బేరింగ్ ఉండాలి, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ కొస దాంట్లో తిరుగుద్ది. ఆటోమేటిక్ బండిలో ఇది ఉండదు. లేకుండా ఎక్కించేస్తే గేర్‌బాక్స్ కూర్చుంటది, బండి కదులుద్ది కూడా, కొన్నాళ్లకి ఇన్‌పుట్ బేరింగ్ పాడైపోద్ది. కొత్తది కొట్టి కూర్చోబెట్టాక గేర్‌బాక్స్ షాఫ్ట్ కొస అందులో ఫ్రీగా దూరుతుందో లేదో అప్పుడే చూసుకోవాలి. అక్కడికి వెళ్లారు కాబట్టి క్రాంక్ వెనక ఆయిల్ సీల్ కూడా మార్చేయండి, కొత్త క్లచ్ ప్లేట్ మీద ఇంజన్ ఆయిల్ పడితే అంతా వృథా.

ఫ్లైవీల్ బోల్టులు ఫ్లెక్స్‌ప్లేట్ బోల్టులు ఒకటి కావు, ఫ్లెక్స్‌ప్లేట్ పల్చటి రేకు కాబట్టి దాని బోల్టులు పొట్టిగా ఉంటాయి, మందపాటి ఫ్లైవీల్‌కి వాటిని వాడితే నాలుగు మరలు కూడా పట్టవు. వీ8 ఉన్నవాళ్లకి ఇంకో ముఖ్యమైన సంగతి, 5.0 ఇంజన్లలో 1980ల మొదట్లోనే ఫ్లైవీల్ బ్యాలెన్స్ లెక్క 28 ఔన్స్-ఇంచ్ నుంచి 50 ఔన్స్-ఇంచ్‌కి మారింది, 5.8 మాత్రం 28 లోనే ఉండిపోయింది. ఒకదాని ఫ్లైవీల్ ఇంకోదానికి బోల్టులు పట్టేస్తది, స్టార్ట్ చేస్తే ఇంజను మొత్తం వణుకుద్ది, అలాగే తిప్పితే బేరింగులు పోతాయి. ఫ్లైవీల్ కొనేముందు ఏ ఇంజన్లోదో ఖాయం చేసుకోండి. పాత ఫ్లైవీల్‌ని వాడుతుంటే లేత్ మీద ముఖం చెక్కించి, క్లచ్ 10 అంగుళాలదా 11 అంగుళాలదా అని దాని ప్రకారం కొనాలి. సెల్ఫ్ మోటార్ కూడా డోనర్ బండిదే పెట్టండి, రింగ్ గేర్ ఉండే చోటు ఆటోమేటిక్‌కీ మాన్యువల్‌కీ తేడా ఉంటది.

ఎం5ఓడీ ఎక్కించేముందు దాని మీద, పైన వెనక వైపు, మూడు రబ్బరు బిరడాలు ఉంటాయి, వాటిని చూడండి. వేడికి గట్టిపడి ఎండిపోయి అక్కడినుంచి ఆయిల్ కారుద్ది. పైన ఉంటాయి కాబట్టి ఎవరికీ కనపడవు, ఆయిల్ కొంచెం కొంచెం తగ్గుతా ఉంటది, చివరికి లోపల బేరింగులు ఎండి గేర్‌బాక్స్ పోద్ది. ఈ గేర్‌బాక్స్‌కి చెడ్డపేరు వచ్చిందంటే ఎక్కువ ఈ మూడు బిరడాల వల్లే. బండిలో ఉండగా అక్కడికి చెయ్యి దూరదు, కింద బల్లమీద ఉన్నప్పుడు చాలా తేలిక పని, రబ్బరువి పీకేసి స్టీల్ ప్లగ్గులు సీలెంట్ రాసి కొట్టేయడమే. లోపల పోసేది మామూలు గేర్ ఆయిల్ కాదు, మెర్కాన్ రకం ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే పల్చటి ఆయిల్), సుమారు 3.8 క్వార్టులు. చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చలికాలం గేర్లు పడవు.

స్లేవ్ సిలిండర్ ఇందులో బెల్‌హౌసింగ్ లోపల, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ రింగులా ఉంటది, క్లచ్‌ని నొక్కే రిలీజ్ బేరింగ్ దానిమీదే. అంటే అది కారితే గేర్‌బాక్స్ మొత్తం మళ్లీ దింపాలి. పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా కొత్తది వేసేయండి, ఇక్కడ పొదుపు చేయకండి.

ఇక పెడల్. ఈ మోడల్ ట్రక్కుల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అవసరమనిపించింది ఇక్కడే. మాస్టర్ సిలిండర్ ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) రేకుకి బిగుస్తది, ప్రతిసారీ క్లచ్ తొక్కినప్పుడు ఆ బలం అంతా ఆ రేకు మీదే పడుద్ది, ఏళ్లు గడిచేసరికి రేకు ముందుకి వెనక్కి ఊగడం మొదలెట్టి పగులుద్ది. దీంతోపాటు పెడల్ షాఫ్ట్ తిరిగే ప్లాస్టిక్ బుష్షులు అరిగిపోతాయి. రెండూ కలిస్తే మీ కాలు మొత్తం కిందదాకా వెళ్తది కానీ స్లేవ్ దాకా చేరేది అందులో కొంతే, క్లచ్ పూర్తిగా విడవదు, గేర్ వేసేటప్పుడు కర్రుమంటది, జనం ఏమో గేర్‌బాక్స్ పోయిందనుకుంటారు. డోనర్ బండి ఫైర్‌వాల్ పగిలి ఉందంటే మీ బండికి కూడా అది రాసిపెట్టి ఉన్నట్టే. మేము మాస్టర్ సిలిండర్ బిగించే చోట లోపల ఒకటి బయట ఒకటి మందపాటి స్టీల్ ప్లేట్లు కోసి రెండిటి మధ్యన రేకుని శాండ్‌విచ్ చేసి బిగించాం, బుష్షులన్నీ కొత్తవి వేశాం. పరీక్ష చాలా సింపుల్, ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు బానెట్ ఎత్తి మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి, అది కదిలితే మీ పని ఇంకా అవ్వలేదని అర్థం.

పెడల్ బ్రాకెట్ మార్చడానికి డ్యాష్‌బోర్డ్ కింద తలకిందులుగా పడుకోవాలి, వేరే దారి లేదు. స్టీరింగ్ కాలమ్ కిందకి దింపితే చోటు వస్తది. ఆటోమేటిక్ బ్రేక్ పెడల్ వెడల్పుగా ఉంటది కదా, దాన్నే ఉంచేసి పక్కన క్లచ్ పెట్టాలని చూడొద్దు, రెండిటి మీదా ఒకేసారి కాలు పడుద్ది.

క్లచ్ ఫ్లూయిడ్‌లోంచి గాలి తీయడం (బ్లీడ్ చేయడం) ఇంకో పెద్ద తంతు. ఈ మాస్టర్ సిలిండర్ బండిలో వాలుగా ఉంటది, గాలి బుడగ వెళ్లి పై మూలలో కూర్చుంటే ఎన్నిసార్లు తొక్కినా కదలదు. బిగించకముందే బయట, మాస్టర్ సిలిండర్ని గొట్టం కొస కిందకి ఉండేలా, రిజర్వాయరు పైన ఉండేలా పట్టుకుని, ఫ్లూయిడ్ పోసి, రాడ్‌ని చిన్న చిన్నగా లోపలికి నొక్కుతూ బుడగలు రావడం ఆగేదాకా ఓపిగ్గా చేయాలి. రాడ్ ఇక గట్టిగా ఉంది, నొక్కితే పోవట్లేదు అన్నప్పుడు గాలి పోయినట్టు. ఆ తర్వాతే బండికి బిగించి స్లేవ్ దగ్గర బ్లీడ్ చేయాలి. పెడల్ నొక్కి నొక్కి విసిగిపోయిన వాళ్లందరూ ఈ బయట చేసే పని వదిలేసినవాళ్లే.

ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఒక పరీక్ష చేయండి. వెనక చక్రాలు రెండూ పైకి లేపి, స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, మొదటి గేర్ వేసి, ఒకరు క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు ప్రొపెల్లర్ షాఫ్ట్ చేత్తో తిప్పాలి. ఫ్రీగా తిరిగితే క్లచ్ విడుస్తున్నట్టు. మా బండిలో అది అలా మెత్తగా తిరిగినప్పుడు మామ బండి కిందనుంచే ఒక్క కేక పెట్టాడు, ఆ కేకతో అన్నాళ్ల అలసట పోయింది.

వైరింగ్ చూసి భయపడతారు గానీ నిజంగా అవసరమైనవి మూడే. ఆటోమేటిక్‌లో సెల్ఫ్ వైరు లీవర్ పొజిషన్ సెన్సార్ మీదుగా వెళ్తది, పార్క్‌లోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే స్టార్ట్ అయ్యేలా. ఆ సర్క్యూట్‌ని ఇప్పుడు క్లచ్ స్విచ్ మీదుగా పంపాలి, క్లచ్ తొక్కితేనే స్టార్ట్ అవ్వాలి. కొంతమంది రెండు వైర్లు కలిపేసి వదిలేస్తారు, దయచేసి అలా చేయకండి, గేర్లో ఉన్న బండికి ఎవరో పిల్లోడు తాళం తిప్పితే ముందున్న మనిషి మీదకి పోద్ది. రెండోది రివర్స్ లైటు, అదీ పాత సెన్సార్‌లోంచే పోయేది, ఇప్పుడు గేర్‌బాక్స్ మీదున్న స్విచ్‌కి కలపాలి. మూడోది కంప్యూటర్. ఈ4ఓడీకి గేర్లు వేసేది ఇంజన్ కంప్యూటరే, అది అక్కడ సొలెనాయిడ్లు లేవని చూసి లోపాల కోడ్‌లు పెడతది, ఓవర్‌డ్రైవ్ లైట్ మిణుకు మిణుకుమంటది, ఐడిల్ కూడా సరిగ్గా ఉండదు, ఎందుకంటే బండి గేర్లో ఉందా న్యూట్రల్‌లో ఉందా దానికి తెలియదు. డోనర్ మాన్యువల్ కంప్యూటర్ పెడితే కనెక్టర్ అదే 60 పిన్నుల ఈఈసీ-4 (ఆ కాలపు ఫోర్డ్ ఇంజన్ కంప్యూటర్ పేరు) కనెక్టర్, నేరుగా దిగుద్ది. కాకపోతే మాస్ ఎయిర్ సెన్సార్ (ఇంజన్లోకి పోయే గాలిని కొలిచేది) ఉన్న బండి కంప్యూటర్ అది లేని బండికి పనికిరాదు, ఈ తేడా చూసుకోండి. 1996 మోడల్‌లో ఓబీడీ-2 (బండి లోపాలు చదివే కొత్త పద్ధతి) వచ్చి కంప్యూటర్ కూడా మారింది కాబట్టి ఆ సంవత్సరం బండికి అదే సంవత్సరం డోనర్ వెతుక్కోవాలి.

స్పీడోమీటర్ ఏమవుద్దని చాలామంది అడుగుతారు, 1992 నుంచి 1996 ఎఫ్-150ల్లో ఏమీ అవ్వదు. వీటిల్లో స్పీడ్ సిగ్నల్ వెనక డిఫరెన్షియల్ మీదున్న సెన్సార్ నుంచి వస్తది, గేర్‌బాక్స్ నుంచి కాదు. ఆటోమేటిక్ తీసేసినా ముల్లు అంతే కరెక్టుగా చూపిస్తది.

ఫ్లోర్‌లో గేర్ రాడ్డు రంధ్రం మాత్రం గేర్‌బాక్స్ బండిలో కూర్చుని క్రాస్‌మెంబర్ బిగిశాకే గుర్తు పెట్టుకోవాలి, ముందే కొలతలు చూసి కోస్తే అంగుళం అటూ ఇటూ అయిపోద్ది. గేర్ అన్ని పొజిషన్లలో వేసి చూసి, రాడ్డు దేనికీ తగలట్లేదంటేనే ప్లేటు బిగించండి, కోసిన అంచుకి రంగు వేయండి, లేకపోతే తుప్పు. కాలమ్ మీద పాత షిఫ్ట్ లివర్ తీసేస్తే లోపల కాలర్ పార్క్ పొజిషన్‌లో కదలకుండా ఉండేలా చూడాలి, లేదంటే తాళం బయటకి రాదు. రేడియేటర్‌లో ఉన్న ఆటోమేటిక్ కూలర్ చివరలకి మూతలు బిగిస్తే సరిపోద్ది, రేడియేటర్ మార్చక్కర్లేదు.

కొత్త క్లచ్‌తో మొదటి 500 మైళ్లు బరువు వేయలేదు, ట్రైలర్ కట్టలేదు, ఆగుతూ కదులుతూ తిరిగే రోడ్ల మీదే ఎక్కువ తిప్పా, ప్లేటు ముఖం సరిగ్గా కూర్చోవాలంటే అదే మంచిది. ఆ తర్వాత కిందకి దూరి బెల్‌హౌసింగ్ బోల్టులు, క్రాస్‌మెంబర్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించి, ఆ మూడు ప్లగ్గుల చుట్టూ తడి ఉందేమో అద్దం పెట్టి చూశా, పొడిగానే ఉన్నాయి. ఇప్పుడు బండి ఎత్తు రోడ్డు మీద నాలుగో గేర్లోనే 1500 ఆర్‌పీఎం నుంచి ఎక్కడా గుంజుకోకుండా లాగుతా పోతుంది, నాకు కావాల్సింది అదే. ఇంకా మిగిలింది క్రూజ్ కంట్రోల్, క్లచ్ తొక్కగానే అది కట్ అవ్వాలి, లేకపోతే ఇంజన్ ఒక్కసారి రేజ్ అయిపోద్ది. డోనర్ బండి క్లచ్ స్విచ్‌లో దానికి కావాల్సిన కాంటాక్ట్ ఉంది, వైరు లాగడమే మిగిలింది, అప్పటిదాకా క్రూజ్ ఫ్యూజ్ తీసి పక్కన పెట్టా.